నెమలీక పిల్లలు పెట్టదు

మా అమ్మమ్మగారి ఊరు నెమలి. ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలం, తిరువూరు డివిజను. పేరు చెప్పగానే బయటివాళ్ళకు వేణుగోపాలస్వామి గుడి గుర్తొస్తుంది. నాకు మాత్రం నా మూడో తరగతి తెలుగు వాచకం గుర్తొస్తుంది. దాని నడిమి పేజీల్లో నెమలీక పెట్టి, నాలుగు బియ్యపు గింజలు మేత వేసి, పొద్దున్నే లేచి పిల్లలు పెట్టిందేమోనని చూసుకునేదాన్ని. వేసవి సెలవులన్నీ అలా చూశాను. బడి తెరిచేనాటికి బియ్యానికి పురుగు పట్టి పుస్తకానికి చిల్లులు పడ్డాయి. ఈక మాత్రం అలాగే ఉంది, ఒక్కటే.

పెద్దయ్యాక అదే తప్పు పెద్ద ఎత్తున చేశాను. విజయవాడలో కాపురం పెట్టిన కొత్తలో, ఏదీ పారెయ్యకూడదు అన్న మాట ఒకటి పట్టుకుని స్వీట్ల డబ్బాలు, పెళ్ళి కార్డులు, కాలిపోయిన ఇస్త్రీపెట్టె తీగ, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె, జత తప్పిన చెప్పులు, అన్నీ గోతాల్లో కుక్కి అటకెక్కించాను. నాలుగేళ్ళకు ఇల్లు మారాల్సి వచ్చి మావారు ఒక గోతం కిందికి దించారు. నెమలీక పెట్టని పిల్లల్ని అందులో ఎలుక పెట్టింది. ఏడు.

అమ్మమ్మ ఇంట్లోనూ ఏదీ ఊరికే బయటికి పోయేది కాదు. అయినా ఆవిడ అటక ఎప్పుడూ ఖాళీయే. రెండు ఆవకాయ జాడీలు, ఒక ఇత్తడి గుండిగ, అంతే. వస్తువు చేతికి రాగానే దానికి తర్వాతి పని చెప్పేసేది. మమ్మల్నీ అడిగేది, "ఏం చేస్తావే దీన్ని?" అని. జవాబుంటే ఉంచుకోమనేది. "ఎప్పుడైనా పనికొస్తుందిలే అమ్మమ్మా" అంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "ఎప్పుడైనా అనే తిథి పంచాంగంలో లేదు. తీసుకెళ్ళి బండివాడికి ఇచ్చిరా" అనేది.

పొదుపుకూ పోగెయ్యడానికీ మధ్య గీత ఆ ప్రశ్నేనని నాకు అర్థం కావడానికి ఏడు ఎలుకపిల్లలు కావాల్సి వచ్చాయి. రెండో పని పేరు చెప్పగలిగితే అది సొమ్ము. చెప్పలేకపోతే అది చోటు తినే చెత్త. పేరంటే కచ్చితమైన పేరు. 'సీసా' అంటే చాలదు, 'వాము పొయ్యడానికి సీసా' అనాలి. 'గుడ్డ' కాదు, 'పొయ్యి గట్టు తుడిచే గుడ్డ'. వాము ఇప్పటికే ఒక సీసాలో ఉందా? అయితే ఈ రెండో సీసాకు పని లేదు, పంపించెయ్యండి.

సంచీ, దారమూ

బియ్యం సంచి విప్పడం దగ్గర ఆవిడ పనితనం చూడాలి. మనమైతే మూతి మీది కుట్టును కత్తి పెట్టి పరపరా కోసేస్తాం. ఆవిడ కోయనిచ్చేది కాదు. ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, కుట్టు కొసన ఉండే తోకను వేలికి చుట్టి, ఒక్కసారి చిన్నగా గుంజి చూసేది. అది గొలుసుకుట్టు, ఒకవైపు నుంచే విడుతుంది. తప్పు కొస లాగితే ముడి బిగుసుకుంటుంది. సరైన కొస దొరికిందా, జర్రుమని ఆ చివరిదాకా పోయి దారమంతా ఒళ్ళో పడుతుంది. దాన్ని కందిపుల్లకు చుట్టి దూలం సందులో దోపేది. పందిరికి సొరతీగ కట్టినా, గుమ్మానికి మామిడాకులు కట్టినా, చిరిగిన గోనెపట్టా కుట్టినా ఆ దారమే. ఆ ఇంట్లో పురికొస కొన్నట్టు నాకు గుర్తులేదు.

ఇప్పుడు సంచులు మారాయి. 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగు బియ్యం మీద 2022 జులైలో జీఎస్టీ వేశాక, మన వైపు సంచి 26 కిలోలైంది. పన్ను తప్పడానికి వ్యాపారి కలిపిన ఆ కిలో సంగతి అలా ఉంచి సంచి సంగతి చూద్దాం. అది గోనె కాదు, ప్లాస్టిక్ నేత. నీడన ఎన్నాళ్ళయినా ఉంటుంది. ఎండలో మాత్రం రోజూ పరిస్తే కొన్ని నెలలకే పొడిపొడిగా రాలిపోతుంది. అలా పెళుసెక్కిన పట్టా మీద మిరపకాయలో వడియాలో ఎండబెడితే ఆ పొడి తిండిలోకే చేరుతుంది. కాబట్టి ఆ సంచికి నేను పెట్టిన రెండో పని పాత పేపర్లు నింపడం, మూడోది ఇల్లు మారేటప్పుడు పరుపు కింద చుట్టడం. వడియాలకు పాత నేతచీరను మించింది లేదు.

చీర జాతకం

నేతచీర ఒకటి చేతికొస్తే దాని జాతకం అమ్మమ్మ ముందే రాసిపెట్టేది. మొదట పండక్కి, తర్వాత ఊరెళ్ళడానికి, ఆ తర్వాత ఇంట్లోకి. కుచ్చిళ్ళ దగ్గర నీరసించగానే పురుడొచ్చిన మనవరాలికి ఉయ్యాల. దాని తర్వాత బొంత. బొంతకు సరిపోని ముక్కలు వడగుడ్డలు, మసిగుడ్డలు. చిట్టచివరి పీలిక సంక్రాంతి ముందు గోడలకు సున్నం వేసేటప్పుడు కర్రకు చుట్టే కుంచె.

బొంత కుట్టే రోజులు వేసవివి. పత్తి తీతలు, మిరప కోతలు అయిపోయి చేతులు ఖాళీ అయ్యాక మొదలుపెట్టేవాళ్ళు. అలికి ఆరిన వరండాలో ఐదారు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచేవాళ్ళు. అడుగునా పైనా కాస్త గట్టివి, మధ్యలో పూర్తిగా అలిసిపోయినవి. నాలుగు మూలలా ఇటుకలు, ఒక పక్క రోకలి, ఇంకో పక్క పచ్చడిబండ బరువు పెట్టేవాళ్ళు. అమ్మమ్మ ఈ అంచున, చిన్నమ్మమ్మ ఆ అంచున కూర్చుని చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ వచ్చేవాళ్ళు. వరసకూ వరసకూ రెండు వేళ్ళ ఎడం.

"అక్కా, నీ వైపు ముడతొచ్చింది చూడు."

"నా వైపు కాదే, నువ్వు గుంజుతున్నావు."

నాలుగు మధ్యాహ్నాలు ఈ గొడవ సాగేది. చివర్లో చింపి దాచిన చీర అంచుల్ని చుట్టూ పట్టీలా వేసేవాళ్ళు, అరిగేది ముందు అంచులే కాబట్టి.

ఇదే పని బెంగాలులో కాంథా, మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌదీ. జపాను పల్లెల్లో అతుకు మీద అతుకు వేసి తరాల తరబడి వాడిన 'బోరో' బట్టలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. మనవాళ్ళు బొంత అన్న మాటను పేదరికానికి గుర్తుగా చేసుకున్నారు. అదే పని మీద ఇంగ్లీషు పేరు రాసి షోరూములో వేలాడదీస్తే వేలు పోసి కొంటున్నారు.

అయితే పాత పొదుపును కళ్ళు మూసుకుని నడపడానికి లేదు. ఇవాళ బీరువాలో ఉన్న చీరల్లో నేతవి ఎన్ని? పాలియెస్టరు చీరలతో బొంత కుట్టించి చూశాను. పొరలు జారిపోతాయి, చెమట పీల్చదు, రాత్రంతా ఒళ్ళు చిరచిర. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని మసిగుడ్డగా వాడకండి. వేడి గిన్నె పట్టుకుంటే కరిగి చేతికి అంటుకుంటుంది. ఏ గుడ్డో తేల్చుకోవాలంటే ఒక పోగు లాగి, పట్టకారతో పట్టి, దీపానికి చూపించండి. నూలైతే కాయితంలా కాలి బూడిదవుతుంది. పాలియెస్టరైతే ముడుచుకుని గట్టి పూసవుతుంది. పూసయిన చీరకు పొయ్యి దగ్గర పని లేదు. కూలరు మీద కప్పడానికో, పరుపుల మీద దుప్పటి కిందో వెయ్యండి, లేదా స్టీలు గిన్నెలమ్మికి ఇచ్చేసి ఓ గరిటె తెచ్చుకోండి.

గేదె లేని వంటిల్లు

అమ్మమ్మ వంటింట్లో చెత్తబుట్ట ఉండేది కాదు. చెబితే మా పిల్లలు నమ్మరు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి. కుడితి గేదెకు. గేదె పేడ పిడకలకు. పిడకా పత్తికట్టే పొయ్యిలోకి. పొయ్యిలో బూడిద అంట్లకు, మిగిలింది బీరపాదుకు. బీరకాయలు మళ్ళీ వంటింట్లోకి, వాటి పొట్టు రోట్లోకి, పచ్చడిగా.

1999 జులైలో దీపం పథకం మొదలై పల్లెల్లోకి గ్యాసు వచ్చింది. పొగ పోయింది. ఆ పొగలోకి మళ్ళీ వెళ్ళమంటే నేను ఛస్తే వెళ్ళను. పొగతో పాటు బూడిద కూడా పోయింది. తర్వాత గేదెలూ తగ్గాయి. గొలుసులో రెండు కడియాలు ఊడిపోయేసరికి, అదే తొక్క, అదే గంజి కాలవ పాలయ్యాయి. మన తరం ఆడవాళ్ళు దుబారా మనుషులైపోయారని పెద్దవాళ్ళు అంటుంటే నాకు కోపం వచ్చేది అందుకే. మాకు అలవాటు పోలేదు, గేదె పోయింది.

గేదె బదులు మట్టికుండ పెట్టుకోవచ్చు. అడుగున చిల్లులున్న పెద్ద కుండలో ఒక చారెడు తొక్కలకు రెండు చారెళ్ళ ఎండుటాకులు, పైన పిడికెడు మట్టి. తడి ఎక్కువైతే కంపు కొడుతుంది, అప్పుడు ఇంకో గుప్పెడు ఎండాకు వెయ్యండి. వండిన అన్నం, మాంసం, నూనె అందులో వెయ్యొద్దు. మధ్యమధ్య కర్రతో తిరగేస్తుంటే రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు దిగుతుంది. అది కూడా కుదరనివాళ్ళు తడిచెత్త విడిగా తీసి పంచాయతీ బండికి ఇస్తే చెత్త నుంచి సంపద కేంద్రంలో అదే పని వాళ్ళు చేస్తారు.

చింతగింజల సంగతి ఒకటి చెప్పాలి. చింతపండు కొట్టాక గింజలు మాకు వామనగుంటలాటకే. మన జిల్లాలోనే కొండపల్లిలో బొమ్మల అవయవాలు అతికేది చింతగింజల పొడీ రంపప్పొట్టూ కలిపిన 'మక్కు'తోనే. తెల్లపొణికి చెక్కలో చెక్కిన ఏనుగుకు తొండం నిలబడేది వంటింట్లో, వడ్రంగి కొట్లో పారేసే రెండు పదార్థాల వల్ల.

ఈ పుస్తకం ఉద్యోగాలకెళ్ళే ఆడవాళ్ళూ చదువుతారని తెలుసు. మీరు గింజలు పొడి కొట్టక్కర్లేదు. లిడియా మరియా చైల్డ్ అనే అమెరికా రచయిత్రి 1829లో పొదుపు గృహిణి కోసం పుస్తకం రాస్తూ, వృథా కానివ్వకూడని తునకల్లో కాలాన్నీ కలిపి లెక్కేసింది. మన నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ ఆంధ్రప్రభ 'ప్రమదావనం'లో దశాబ్దాల పాటు పాఠకురాళ్ళ ప్రశ్నలకు జవాబులు చెబుతూ, అటు ఇంటిపనికీ ఇటు చదువుకూ ఒకే శీర్షికలో చోటిచ్చింది. పది రూపాయల సీసా కోసం ముప్పావుగంట స్టిక్కరు గీకే పనిని నేను పొదుపనను. నానబెడితే ఊడేదైతే ఉంచండి, లేకపోతే పంపెయ్యండి. ఆ ముప్పావుగంట ఇంట్లో మగవాళ్ళదైనా లెక్క అదే. మావారి మేకుల డబ్బా గురించి రాయాలంటే ఇంకో అధ్యాయం కావాలి.

పోపులపెట్టెలో నోటు

దాచడం అనగానే పోపులపెట్టె గుర్తుకు రాక మానదు. ఆవాల గిన్నె కింద మడిచిన నోటు. 2016 నవంబరు 8 రాత్రి అయిదొందల నోట్లు, వెయ్యి నోట్లు చెల్లవనగానే ఎందరు ఆడవాళ్ళు మొగుళ్ళకు తెలియకుండా దాచింది వాళ్ళ చేతుల్లోనే పెట్టి, బ్యాంకులో మార్చిపెట్టమని అడగాల్సి వచ్చిందో మీకూ తెలుసు. నెమలీకలాగే ఆ నోటూ మేత తిన్నట్టు నటించిందే గానీ పిల్లలు పెట్టలేదు.

ఇంకో నోటు పెట్టింది. దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, 1990ల్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు రోజుకు రూపాయి చొప్పున పొదుపు కట్టారు. ఆ రూపాయి డబ్బాలో పడుకోలేదు. సంఘంలో ఒకరికి అప్పుగా వెళ్ళి, ఇంకొకరి గేదెగా మారి, వడ్డీతో తిరిగొచ్చింది. చీరకైనా రూపాయికైనా సూత్రం ఒకటే, దానికి పని పెట్టాలి. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేం లేదు.

ఎంత పొదుపైనా దాచకూడనివి

ఇక్కడ కాస్త గట్టిగా చెబుతాను. మా ఊరివైపు పత్తి, మిరప పండుతాయి. ప్రతి ఇంటి పంచలో మందు డబ్బాలు ఉంటాయి. మూత బిగువుగా ఉంటుంది, ప్లాస్టిక్ దళసరిగా ఉంటుంది, చూస్తే పారెయ్యబుద్ధి కాదు. కడిగి నీళ్ళకో, కిరసనాయిలుకో, నూనెకో వాడేవాళ్ళను చూశాను. 2013 జులై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చచ్చిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షల్లో తేలింది. నూనెను పురుగుమందు డబ్బాలో ఉంచారని దర్యాప్తు చెప్పింది. ఆ మందు పేరు పత్తి రైతుకు కొత్తది కాదు. ఖాళీ డబ్బాను మళ్ళీ వాడకుండా పగలగొట్టి, ఊరికి దూరంగా పాతిపెట్టాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలే చెబుతున్నాయి. ఎన్నిసార్లు కడిగినా సరే, దానికి రెండో పని లేదు.

మరిగిన నూనె కూడా అంతే. గారెలు వేశాక మిగిలింది, నల్లబడి నురగ కడుతుంటే, పోపుకు దాచకండి. నూనెలో చేరే పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే అది వంటకు పనికిరాదని ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. మన దగ్గర కొలిచే సాధనం లేదు కాబట్టి కంటినీ ముక్కునీ నమ్ముకోవాలి. గడువు దాటిన మాత్రలు, ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీలు దాచేవాళ్ళూ ఉన్నారు. వాటి గురించి వాదించను.

గడువు

దాచినదానికి నేను పెట్టుకున్న హద్దు ఒకే ఒక్క గోతం. అది నిండితే కొత్తది లోపలికి రావాలంటే పాతది బయటికి పోవాలి. బయటికి పంపడానికి దారులు మన వీధుల్లో కావలసినన్ని ఉన్నాయి. పాత ఇనుముకూ పగిలిన ప్లాస్టిక్కుకూ ఉల్లిపాయలిస్తామని మైకులో అరుస్తూ ఆటో వస్తుంది. చిక్కు తీసిన వెంట్రుకలు కవరులో పోగేసి కిటికీ ఊచకు కట్టిన ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, వాటిని తూకం వేసి కొనేవాళ్ళూ ఉన్నారు. చూసి బేరమాడండి, అది కిలో లెక్కన వేలల్లో పలికే సరుకు. దేవుడి పూలకూ రెండో పని దొరికింది. తన ఆలయాల్లో స్వామి సేవకు వాడిన పూలతో 2021 సెప్టెంబరు నుంచి టీటీడీ ఏడు కొండలకు గుర్తుగా ఏడు రకాల అగరుబత్తులు చేయిస్తోంది.

అయినా గోతం నిండే ఉంటే భోగి ఉంది. ఏడాదికోసారి పాతదాన్ని తీసి బయట పెట్టమని మన పెద్దలే తారీఖు రాసిచ్చారు. చెక్కముక్కలు మంటలో వెయ్యండి. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వెయ్యొద్దు, ఆ పొగ పీల్చేది మన పిల్లలే. మిగతావి ఆ ముందురోజే బండికి వెళ్ళిపోవాలి. మా ఇంట్లో భోగికి రెండు రోజుల ముందు గోతం దింపి, ఒక్కో వస్తువునూ ఎత్తి చూపిస్తూ పిల్లల్ని అడుగుతాను, "ఏం చేస్తారే దీన్ని?" అని. కిందటేడు చిన్నది ఒక స్వీట్ల డబ్బా అడిగి తీసుకుంది. అందులో ఇప్పుడు సూదులు, బొత్తాలు, ఒక దారపుండ ఉన్నాయి.

అమ్మమ్మ కుట్టిన బొంత ఒకటి నా దగ్గరుంది. రెండు చోట్ల పైపొర చిరిగి లోపలి చీర కనబడుతోంది, పసుప్పచ్చ మీద ఎర్రచుక్కలు. అది మా అమ్మ పెళ్ళిచూపులనాటి వాయిలు చీర అని ఈమధ్యే తెలిసింది. వచ్చే వేసవిలో దానికి పైన కొత్త పొర వెయ్యాలి. రెండు పాత నేతచీరలు అందుకోసం విడిగా పెట్టాను.